నీటిలో కరుగుట, మడ్డిగా దిగుట: చవుడు నేలల బాగుసేతకు సంబంధించిన పాఠము

ఒకే గ్రామములో, ఒకే చెఱువు క్రింద, రెండు మడులు చవుడు పట్టియుండును. మొదటి మడి పట్టాదారు గట్లు బలపఱచి, రెండు వానకాలములు నీరు నిలిపి, ఆ నీటిని వాగులోనికి వదలగా మూడవ యేట వరి పండును. అది చూచి రెండవ పట్టాదారును అట్లే చేయును. అతని మడిలో నీరు పది దినములైనను ఇంకదు, బురద తేఱదు, నీరు తీసివేసిన పిమ్మట నేల రాతివలె గట్టిపడి మునుపటికంటె హీనస్థితికి వచ్చును. ఇట్టి మడులు పూర్వపు జమాబందీ లెక్కలలో తరిగానే నిలిచియుండగా, పండని నేలకు శిస్తు కట్టినవారు అనేకులు. ఊరివారు దీనిని అదృష్టభేదమందురు. కాని రెండు మడులలోని ఉప్పులు వేఱు, ఆ ఉప్పులు నీటితోను మట్టితోను మెలగు తీరు వేఱు. ఈ భేదమును తెలిసికొనుటకు గొప్ప యంత్రము లక్కఱలేదు. రెండు గాజు గ్లాసులు, కొంచెము చాకలి సోడా, కొంచెము జిప్సము, కొంచెము సున్నము ఉన్న చాలును. పొలములో జరుగు పని యంతయు మొదట గ్లాసులో చూచిన రైతు, ధనము వ్యయము చేయుటకు ముందే దాని ఫలమును ఊహింపగలడు.

కరుగుట

నూఱు తులముల నీటిలో ఉప్పు వేసి కలుపుచు పోయిన, సుమారు 36 తులముల వఱకు కరగును. ఆ పైన ఎంత కలిపినను కరుగక అడుగుననే యుండును. ఇంక కరిగించుకొనజాలని ఈ నీటిని సంతృప్త ద్రావణమందురు. ఒక్కొక్క పదార్థమునకు ఈ హద్దు ఒక్కొక్క విధముగా నుండును.

వేడిచే ఈ హద్దు మాఱును, కాని అన్నిటికి ఒకే తీరున కాదు. మామూలు ఉప్పునకు నీరు చల్లనిదైనను మరుగుచున్నదైనను భేదము స్వల్పము: 36 తులములు 39 అగును, అంతే. పెట్లుప్పు అనబడు సురేకారమునకు అట్లు కాదు. మంచువంటి చల్లని నీటిలో నూటికి 13 పాళ్ళును, మామూలు ఎండలో నుంచిన నీటిలో సుమారు 32 పాళ్ళును కరుగు ఆ పదార్థము, మరుగు నీటిలో 240 పాళ్ళకు మించి కరుగును. పూర్వము పాటిమట్టిని కడిగి ఉప్పును, పెట్లుప్పును వేఱుచేయుచుండిన ఉప్పరవారు ఈ భేదమునే వాడుకొనిరి. మట్టి కడిగిన నీటిని బానలలో కాచునప్పుడు ఉప్పు ముందుగా అడుగున దిగును. పెట్లుప్పు వేడి నీటిలో నిలిచియుండును. ఉప్పును దేవివేసి, మిగిలిన నీటిని చల్లార్చిన రాత్రికి రాత్రి పెట్లుప్పు పలుకులు కట్టును. వారు ఏ పాఠశాలలోను రసాయనశాస్త్రము చదివినవారు కారు. అయినను వారి పని శాస్త్రమునకు వెండ్రుకవాసియైనను తప్పలేదు.

సున్నము దీనికి విపరీతము. లక్ష పాళ్ళ చల్లని నీటిలో సుమారు 170 పాళ్ళు తడిసున్నము కరుగును; అదే నీరు మరుగునప్పుడు 70 పాళ్ళు మాత్రమే నిలుచును. కావున తేటయైన సున్నపునీటిని కాచిన మసకబాఱును.

లోకములో కరుగని పదార్థమని చెప్పబడునది యెల్ల కొంచెమైనను కరుగునదే. జిప్సము లక్ష పాళ్ళ నీటిలో సుమారు 240 పాళ్ళు కరుగును. సుద్దయు, సున్నపురాయియు, పొలములోని కంకర గడ్డలును ఒకే పదార్థము. అది శుద్ధమైన నీటిలో లక్షకు ఒకటిన్నర పాలు మించి కరుగదు. ఈ రెండు సంఖ్యలను, అనగా 240ని, ఒకటిన్నరను, రైతు జ్ఞాపకముంచుకొనవలెను. చవుడు నేలకు జిప్సము పనికివచ్చుటయు, సుద్దపొడి పనికిరాకుండుటయు ఈ రెండు సంఖ్యలలోనే యున్నవి. రెండును తెల్లని పొడులే. రెంటియందును కాల్షియమను సున్నపు మూలద్రవ్యము కలదు. అయినను ఒకటి నీటిలోనికి వచ్చి పని చేయును, రెండవది మట్టిలో మట్టిగా పడియుండును.

మడ్డిగా దిగుట

ఒక లీటరు నీటిలో 3 గ్రాముల జిప్సము పొడి వేసి చాలసేపు కలిపి, ఒక రాత్రి కదలక ఉంచి, పై తేటను వంచుకొనవలెను. వేఱొక గ్లాసులో చాకలి సోడా పలుకులు 4 గ్రాములు కొద్ది నీటిలో కరిగించి గుడ్డతో వడకట్టవలెను. ఈ రెండు నీళ్ళును కండ్లకు చెఱువునీటికంటె తేటగా నుండును. ఒకదానిలో రెండవది పోసిన తక్షణమే పాలవలె తెల్లబాఱును. కొంతసేపటికి తెల్లని మడ్డి అడుగునకు దిగి, పైన మరల తేట నిలుచును. ఈ మడ్డిని శాస్త్రజ్ఞులు అవక్షేపమందురు.

రెండు తేటలలోను లేని మడ్డి ఎక్కడనుండి వచ్చినది? ఉప్పు జాతి పదార్థములు నీటిలో కరుగునప్పుడు, కాడి విప్పిన ఎడ్లవలె వాని రెండు భాగములును విడిపోయి వేర్వేఱుగా తిరుగుచుండును. జిప్సములో కాల్షియము ఒక ఎద్దు, సల్ఫేటు రెండవది. చాకలి సోడాలో సోడియము ఒకటి, కార్బనేటు రెండవది. రెండు నీళ్ళును కలిసినప్పుడు నాలుగును ఒకే బీడులో తిరుగును. అందు కాల్షియమునకు కార్బనేటు ఎదురుపడిన ఆ జత సుద్ద యగును. సుద్దను మోయుటకు నీటికి శక్తి లేదు. లక్షకు ఒకటిన్నర పాలు మాత్రమే అది మోయగలదు. కావున ఆ జత నీటిని విడిచి అడుగునకు పోవును. మిగిలిన సోడియమును సల్ఫేటును నీటిలో సుఖముగా నుండగలవు గనుక తేటలోనే నిలుచును. ఏ జత మిగుల తక్కువగా కరుగునో ఆ జతయే దిగును. ఈ శాస్త్రమున ఇంతకంటె గొప్ప రహస్యము లేదు.

దిగిన మడ్డి సుద్దయే యనుటకు నిదర్శనము కావలెనన్న, తేటను వంచివేసి మడ్డిపై నిమ్మరసము పిండవలెను, బుసబుస పొంగును. జిప్సము పొడిపై నిమ్మరసము పిండిన పొంగదు. ఈ చిన్న పరీక్ష బజారులో ఉపయోగించును. జిప్సమను పేర సుద్దపొడి అమ్ముట కద్దు. రెంటిని కంటితో గుర్తించుట కష్టము. గనినుండి వచ్చిన జిప్సములో స్వభావముచేతనే కొంచెము సున్నపురాయి కలిసియుండును గనుక రెండు మూడు బుడగలు వచ్చినంతమాత్రమున అది కల్తీ యనరాదు. గ్లాసు నిండ నుఱుగు లేచిన ఆ సంచి కొనరాదు.

తూకము సంగతి కొంచెము విచారింపవలెను. నీరు లేని సోడా 106 పాళ్ళకు జిప్సము 172 పాళ్ళు కావలెను. దిగు సుద్ద 100 పాళ్ళు. పై ప్రయోగములో లీటరు తేటలో కరిగిన జిప్సము సుమారు 2.4 గ్రాములు, దానికి సరిపడు నీరు లేని సోడా 1.48 గ్రాములు. చాకలి సోడా పలుకులలో నూటికి 63 పాళ్ళు నీరే గనుక పలుకులు 4 గ్రాములు పట్టినవి. దిగిన సుద్ద ఆరబెట్టి తూచిన సుమారు 1.4 గ్రాములుండవలెను. జిప్సము తక్కువైన సోడా మిగిలిపోవును. ఎక్కువైన జిప్సము మిగులును. పొలములో మొదటిది నష్టము, రెండవది వ్యర్థవ్యయము.

ఊపిరితో ఒక పరీక్ష

సున్నపుతేటలోనికి బొప్పాయి కాడతో ఊపిరి ఊదిన తెల్లబాఱును. ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి సున్నముతో కలిసి సుద్ద యగుటయే కారణము. ఇది పిల్లలకును తెలిసిన విషయమే. కాని అనేకు లింతటితో ఆపుదురు. ఆపక ఇంకను చాలసేపు ఊదిన, తెల్లబాఱిన నీరు మరల తేటబడును. దిగిన సుద్ద అధికమైన బొగ్గుపులుసు గాలితో కలిసి, కరుగు రూపమైన బైకార్బనేటుగా మాఱినది. ఆ తేటను కాచిన గాలి ఎగిరిపోయి సుద్ద మూడవమాఱు దిగును.

నీళ్ళ కాగు అడుగున ఏర్పడు పెచ్చు ఇదే. నేలలో రెండు మూడు అడుగుల లోతున కనబడు కంకర గడ్డలును అట్టివే. వేళ్ళును పురుగులును విడుచు గాలిచే సున్నము కరిగి, నీటితో లోనికి దిగి, గాలి తగ్గి నీరు ఆరిన చోట మరల గట్టిపడినది. నూతి నీటిలోని సున్నమంతయు ఈ బైకార్బనేటు రూపముననే యుండుట సాధారణము. కావున అది పొలములో పాఱి, ఎండకు ఆరునప్పుడు ఏమగునో ఈ గ్లాసును చూచిన తెలియును. సున్నము సుద్దగా దిగిపోవును. సోడా దిగదు, అది మిగిలియుండి, తడి తడికి చిక్కబడుచుండును.

తీపి నీటి మోసము

రైతు నీటిని నాలుకతో పరీక్షించును. ఉప్పగా నున్న నూతిని విడిచి, తియ్యగా నున్న నూతిని తవ్వుకొనును. ఇల్లాలును అట్లే, సబ్బు బాగుగా నుఱుగు లేచిన, కందిపప్పు త్వరగా ఉడికిన, అది మంచి నీరని నిర్ణయించును. ఇంటికి ఈ నిర్ణయము సరియైనదే. కాని సున్నము తక్కువై సోడా ఎక్కువైన నీటికే ఈ గుణములు గూడ కలవు. అట్టి నీరు త్రాగుటకు తియ్యగాను, ఉతుకుటకు అనుకూలముగాను ఉండి, పొలమును మాత్రము ఏటేట చంపును. ఉప్పునీరు శత్రువువలె ఎదుట నిలుచును; సోడానీటిని గుర్తించుటకు పది సంవత్సరములు పట్టును, అప్పటికి నేల చెడియుండును.

ఒక లెక్క చూడవలెను. ఎకరము మడిలో ఒక అంగుళము ఎత్తు నీరు సుమారు 1,02,800 లీటర్లు. నీటిలోని సున్నమును, మెగ్నీషియమును లెక్క తీసివేయగా లక్షకు 10 పాళ్ళు సోడా మిగులు నూతిని తీసికొన్న, అంగుళము తడికి 10 కిలోలకు పైగా సోడా పొలములోనికి వచ్చును. సంవత్సరమునకు 30 అంగుళముల నీరు పెట్టిన 300 కిలోలు దాటును. రైతు తన చేతితో మూడు క్వింటాళ్ళ చాకలి సోడా తెచ్చి ఎకరములో చల్లునా? నీటిపేర చల్లుచున్నాడు.

ఈ మిగులు సోడా లెక్కను 1950వ సంవత్సరమున అమెరికాలో ఈటన్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. దాని ననుసరించి తరువాత ఏర్పడిన కట్టుబాటు ప్రకారము, సోడాగా లెక్కించిన ఆ మిగులు లక్షకు 6.6 పాళ్ళకు లోబడిన నీరు నిర్భయముగా పాఱింపవచ్చును. 13 పాళ్ళు దాటిన నీరు పనికిరాదు. నడుమ నున్నది సందేహాస్పదము. పై నూయి నడుమ తరగతిలోనిది. దానికి ప్రతివిధానము జిప్సమే: లక్షకు 10 పాళ్ళ సోడాకు 16 పాళ్ళకు పైచిలుకు జిప్సము కావలెను గనుక, అంగుళము తడికి 17 కిలోల చొప్పున, 30 అంగుళములకు సుమారు 5 క్వింటాళ్ళు. నీరు పాఱు కాలువలో జిప్సము గడ్డలు పేర్చిన, నీరు వానిమీదుగా పోవుచు కొంత కరిగించుకొనును. లేదా పొడిని పొలములోనే చల్లవచ్చును.

రెండు చవుళ్ళు

ఇక మొదట చెప్పిన రెండు మడుల సంగతి. రైతులే వీనికి వేర్వేఱు పేర్లు పెట్టియున్నారు. ఎండకాలములో పాలపొరవలె తెల్లని పొక్కు లేచి, కాలు పెట్టిన మెత్తగా దిగునది పాల చవుడు. నల్లని లేక గోధుమవన్నె పెచ్చు కట్టి, తడిసిన జిగురుగాను, ఆరిన రాతివలెను ఉండునది కారు చవుడు. పాల చవుడులో ఉప్పు, సోడియము సల్ఫేటు మున్నగు బాగుగా కరుగు పదార్థములే యున్నవి. అవి నీటిలో కరిగి పోవును గనుక నీరు నిలిపి, అడుగునకు ఇంకించి, కాలువ ద్వారా బయటికి పంపిన చాలును. మొదటి పట్టాదారు చేసినది ఇదియే.

కారు చవుడులో చాకలి సోడా కలదు; అంతకుమించి మట్టియే చెడియున్నది. మట్టి చెడుట యనగా నేమి? 1845లో ఇంగ్లాండు దేశమున థాంప్సన్ అను భూస్వామి, మట్టి నింపిన గొట్టములో అమ్మోనియము సల్ఫేటు నీటిని పోయగా, అడుగున కాఱిన నీటిలో అమ్మోనియము లేక జిప్సము కనబడెను. జె. థామస్ వే అను రసాయనశాస్త్రజ్ఞుడు దానిని విస్తరించి 1850లో ప్రకటించెను. బంకమట్టి రేణువు తన ఒడలిపై కాల్షియమును పట్టుకొనియుండి, వేఱొకటి వచ్చినప్పుడు దానిని పుచ్చుకొని కాల్షియమును విడుచును. మంచి నేలలో రేణువు కాల్షియమును పట్టుకొనియుండును. అట్టి రేణువులు గుంపులు కట్టి నడుమ సందులు విడుచును. నీరును గాలియు పోవును. కారు చవుడులో నీటిలోని కాల్షియమంతయు సోడాచే సుద్దగా దిగిపోయినది గనుక రేణువులకు సోడియమే దక్కినది. సోడియము పట్టిన రేణువులు గుంపు విడిపోయి, ఒక్కొక్కటిగా తేలి, నేలలోని ప్రతి సందును పూడ్చును. సోడా మట్టిలోని కుళ్ళిన ఆకును గూడ కరిగించును. ఆ నలుపు దానిదే.

దీనిని కండ్లార చూడవచ్చును. కారు చవుడు మట్టిని రెండు గ్లాసులలో చెఱియొక చెంచా వేసి, ఒకదానిలో వాననీరును, రెండవదానిలో జిప్సపు తేటను పోసి కలిపి పెట్టవలెను. జిప్సపు గ్లాసు కొంత సేపటికే తేఱును. వాననీటి గ్లాసు మఱునాటికిని మురికిగానే యుండును. ఇండుప గింజ అరగదీసిన మురికినీరు తేఱుటయు రేణువులు గుంపులు కట్టుటచేతనే. ఇది సుద్ద దిగినట్టి అవక్షేపణము కాదు. అచ్చట కరిగినది కరుగనిదైనది, ఇచ్చట ఎన్నడు కరుగని మట్టి తేలుట మాని దిగినది. రెంటిని కలిపి చెప్పుట పొరపాటు.

వాననీరు మాత్రమే పోసిన గ్లాసే రెండవ పట్టాదారు మడి. అతడు నీరు నిలిపిన కొలది మట్టిలో అంతో ఇంతో మిగిలిన ఉప్పు పలుచబడి, రేణువులు ఇంకను విడిపోయి నేల బిగుసుకొనెను. అతడు చేసిన శ్రమలో లోపము లేదు. చేయుటకు ముందు జిప్సము పడవలసియుండెను.

ఏ చవుడో తెలియుటకు ఇంటనే ఒక గుర్తు కలదు. పసుపును సున్నముతో కలిపిన పారాణి యగుట అందఱెఱిగినదే. తెల్లని కాగితమును పసుపునీటిలో ముంచి ఆరబెట్టి, మట్టి కలిపి తేర్చిన నీటిచుక్క దానిపై వేసిన, సోడా బాగుగా నున్నచో ఎఱుపెక్కును. పాల చవుడైన ఎఱుపెక్కదు. కొద్దిపాటి సోడాను పసుపు చూపజాలదు గనుక ఎఱుపు రాలేదని నిశ్చింతగా నుండరాదు.

పరీక్షాశాలలో చేయు పనియు ఈ జాతిదే. మట్టినీటిలో సిల్వర్ నైట్రేటు చుక్కలు వేసిన తెల్లని పెరుగుతరకలవంటి మడ్డి దిగుట ఉప్పునకు గుర్తు. బేరియము క్లోరైడుచే దిగు తెల్లని మెత్తని మడ్డి సల్ఫేటునకు గుర్తు. సోడాయు ఈ రెంటితో మడ్డి నిచ్చును గనుక, ముందుగా ద్రావకము చుక్క వేసి సోడాను పొంగించి పోగొట్టి పిమ్మట పరీక్షింతురు.

పొలములో చేయవలసినది

కారు చవుడునకు జిప్సము వేయు పద్ధతిని 19వ శతాబ్దపు చివరి భాగమున కాలిఫోర్నియాలో హిల్గార్డు అను శాస్త్రజ్ఞుడు బోధించెను. ఎంత వేయవలెననుట మట్టి పరీక్షవలన తేలవలెను. పొరుగు గ్రామములో వేసిన లెక్క ఈ గ్రామమునకు పనికిరాదు. పరీక్ష కాగితములోని సంఖ్యను సంచులుగా మార్చుకొను విధము మాత్రము రైతు తెలిసికొనవచ్చును. రేణువులపై నున్న సోడియము 23 పాళ్ళను తొలగించుటకు జిప్సము 86 పాళ్ళు కావలెను. ఎకరములో పై మట్టి, ఆఱేడు అంగుళముల లోతు, సుమారు 9 లక్షల కిలోలు తూగును. కాబట్టి మట్టిలో తొలగింపవలసిన సోడియము లక్షకు 23 పాళ్ళు ఉన్నచో ఎకరమునకు శుద్ధమైన జిప్సము సుమారు 780 కిలోలు. 69 పాళ్ళున్నచో దానికి మూడు రెట్లు. సంచిలోని సరుకు నూటికి 70 పాళ్ళే శుద్ధమైన, ఆ మేరకు ఎక్కువ వేయవలెను.

ఈ 780 కిలోలును కరుగుటకు నీరెంత? లీటరుకు 2.4 గ్రాముల చొప్పున 3,25,000 లీటర్లు, అనగా మడిలో మూడంగుళములకు పైగా. ఇది గ్లాసు లెక్క. పొలములో నిలిపిన నీరంతయు సంతృప్తము కాదు గనుక ఒక్క తడితో పని ముగియునని తలంపరాదు. గడ్డలు వేసిన కరుగవు. ఇసుకవలె మెత్తని పొడియే వేయవలెను. దానిని నాలుగంగుళముల లోపలనే కలియదున్నవలెను. లోతుగా దున్నిన పైనున్న బిగువు పొరకు చాలకపోవును. పిమ్మట గట్లు సరిచేసి, మడి చదును చేసి, నీరు నిలిపి, ఇంకించి, మరల నిలుపవలెను. మొదటి పంటగా వరియు, దానికి ముందు జీలుగయు మంచివి. జీలుగ వేళ్ళు విడుచు గాలి నేలలోని కంకరను కొంత కరిగించి కాల్షియమును పుట్టించును. ఊపిరి ఊదిన సున్నపుతేట మరల తేటబడుట ఇందుకే చెప్పబడినది.

మురుగు కాలువ లేనిచోట జిప్సము కొనుట దండుగ. గ్లాసులో సుద్ద దిగిన పిమ్మట తేటలో సోడియము సల్ఫేటు మిగిలెననుట మఱువరాదు. పొలములోను అంతే. ఆ తేట బయటికి పోకున్న సోడియము ఎక్కడికిని పోలేదు. ఎండకాలమున నీరు పైకి ఎక్కి ఆరునప్పుడు అదియు పైకి వచ్చును. బొంబాయి దక్కనులో 1885లో తెఱచిన నీరా కాలువ క్రింద లోతైన నల్లరేగళ్ళు నీటి సమృద్ధివలననే ఉప్పుబాఱెను. నీరు తెచ్చుటకు చూపిన శ్రద్ధ నీరు పోవుటకు చూపబడలేదు. మురుగు నీటిని పొరుగువాని మడిలోనికి వదలుట వివాదమునకును అన్యాయమునకును మూలము. గట్టుదారులందఱు కలిసి వాగు వఱకు ఒకే కాలువ తీసికొనుట మేలు.

కారు చవుడునకు సున్నము చల్లువారు కలరు. సున్నము గాలి తగిలి సుద్దయై కరుగక పోవును; సుద్ద కాకముందు నేల కారమును ఇంకను హెచ్చించును. పుల్లని నేలకు సున్నము ఔషధము. కారు చవుడునకు కాదు.

మైలుతుత్తము, సున్నము

మడ్డి దిగుటను నష్టముగానే తలంపరాదు. తోటలకు చల్లు బోర్డో మిశ్రమము కేవలము మడ్డియే. ఫ్రాన్సు దేశపు మెడాకు ప్రాంతమున, దారిన పోవువారు ద్రాక్షపండ్లు దొంగిలింపకుండ తోటకాఱ్లు దారి ప్రక్క తీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లుచుండిరి. ఆ తీగెలకు బూజుతెగులు రాకుండుట 1882లో మిలార్డె అను వృక్షశాస్త్రాచార్యుడు గమనించి, పరిశోధించి, 1885లో ప్రకటించెను. మైలుతుత్తము ఒక్కటియే చల్లిన అది పూర్తిగా కరిగియుండుటచే ఆకును కాల్చును. సున్నము కలిసినప్పుడు రాగి కరుగని నీలి మడ్డిగా మాఱి ఆకునంటుకొని, మంచుచుక్కలకును వానకును కొద్దికొద్దిగా మాత్రమే కరుగుచు, బూజు బీజమును చంపును.

నూఱు లీటర్ల నీటికి మైలుతుత్తము ఒక కిలో, మంచి రాతిసున్నము ఒక కిలో. రెంటిని వేర్వేఱుగా నీటిలో బాగుగా పలుచన చేసి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలుపవలెను. ఇనుప పాత్రలు వాడరాదు. సాన పట్టిన కత్తిని మిశ్రమములో ముంచి తీసిన ఎఱ్ఱని రాగిపొర కనబడెనా, రాగి ఇంకను కరిగియున్నదని తెలిసికొని సున్నము మఱికొంత చేర్పవలెను. చేసిన దినముననే చల్లవలెను. నిలువయున్న మడ్డి గరుకై ఆకునంటదు.

ఎరువు విషయమున మాత్రము మడ్డి శత్రువు. కరుగని ఎముకలను, భాస్వరపు రాళ్ళను గంధక ద్రావకముతో కరుగు రూపమునకు తెచ్చు పద్ధతికి 1842లో ఇంగ్లాండులో లాస్ అను నతడు హక్కుపత్రము పొందెను; సూపరు ఫాస్ఫేటు అట్లు పుట్టినది. దానిని సున్నముతో కలిపి నిలువచేసిన, డబ్బిచ్చి కొన్న కరుగుదనము సంచిలోనే పోవును.

పరీక్షకు పంపు మట్టిని పొలములో ఏడెనిమిది చోట్ల, పై ఆఱంగుళములును, దాని క్రింది అడుగును వేర్వేఱుగా తీసి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచులలో పంపవలెను. ఎరువు సంచులు వాడరాదు. నూతి నీటిని కొంతసేపు తోడిన పిమ్మట శుభ్రమైన సీసాను అదే నీటితో రెండుమాఱులు కడిగి, మెడ వఱకు గాలి లేకుండ నింపి, బిరడా బిగించి, ఆలస్యము లేక పంపవలెను. సగము నిండిన సీసాను ఎండలో ఉంచినయెడల గాలి వెడలి సున్నము దారిలోనే సుద్దగా దిగిపోవును. అప్పుడు పరీక్షకుడు చూచు నీరు ఆ నూతి నీరు కాదు. సీసాపై గ్రామము పేరు, సర్వే నెంబరు, నూతి లోతు, నీరు తీసిన తేది, ఆ నీటి క్రింద పండించు పంట వ్రాసి అంటింపవలెను.